చాయ్ పోయని ఫ్లాస్కు

నేను ఒక ఫ్లాస్కును. వెడల్పు మూతి, నీలం రంగు ఒళ్ళు, లోపల గాజు కడుపు. చాయ్ మోయడానికే పుట్టాననుకున్నాను. కరీంనగర్‌లో ఒక సామాన్ల దుకాణంలో ఏడాదిన్నర దుమ్ము పట్టి కూర్చున్నాక ఒక మధ్యాహ్నం తిరుపతి అనే అతను వచ్చి, "ఐసు ఎంతసేపు నిలుస్తదన్నా?" అని అడిగాడు. చాయ్ మాటే ఎత్తలేదు.

తిరుపతి జగిత్యాలలో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. భార్య స్వరూప దుకాణం బయట ఆసుపత్రి కవరు గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, పిల్లలు లేరు. డాక్టరమ్మ రాసిన ఇంజెక్షన్లు రోజూ సాయంత్రం ఆరింటికి వేసుకోవాలి. అందాకా చల్లగా ఉంచాలి. వేడెక్కితే మందు పాడైపోతుంది.

ఇంట్లో ఫ్రిజ్ ఉంది. కానీ దాని తలుపు రోజుకు పదిసార్లు తెరిచేది అత్త రాజవ్వ. అందుకే ఐసు నింపి, మందు పెట్టి, నన్ను బీరువాలో చీరల వెనక దాచేవారు. ఒకసారి రాజవ్వ కంట పడ్డాను. "దుకాణంల చాయ్‌కి అమ్మా" అన్నాడు తిరుపతి. నేను చల్లదనాన్ని దాచేది సగం రోజే. మనుషులు ఏళ్ళ తరబడి మాట దాచగలరు.

సూదులు మొదలైన ఎనిమిదో రోజున రాయికల్‌లో తిరుపతి చెల్లెలు మమత బిడ్డకు ఇరవయ్యొకటో రోజు ఫంక్షన్. వెళ్ళక తప్పదు. బస్సులో స్వరూప నన్ను ఒళ్ళో పెట్టుకుంది. ఐసు ఉందో లేదో చూడాలని మూత మీద చెయ్యి వేసేది. తెరిస్తే వేడి దూరుతుందని తీసేసేది. పొద్దున నాలో గట్టిగా కదలకుండా ఉన్న ఐసు మధ్యాహ్నానికి గలగలమనసాగింది. ఆ చప్పుడు వినబడినప్పుడల్లా ఆమె వేళ్ళు నా మెడ చుట్టూ బిగుసుకునేవి.

ఫంక్షన్ ఇంట్లో పసిబిడ్డ చేతులు మారుతూ వచ్చింది. స్వరూప దాకా వచ్చి, ఆమెను దాటి పక్కావిడ ఒళ్ళోకి వెళ్ళింది. స్వరూప చాచిన చేతులతోనే నన్ను దగ్గరికి లాక్కుంది.

రాజవ్వ అక్క లచ్చవ్వ అది చూసింది. "గందుల చాయ్ ఉన్నదా బిడ్డా? ఒక్క గుక్క పొయ్యి."

"లేదు పెద్దత్తా, అయిపోయింది."

"అయిపోతే గలగల ఎందుకంటది?" అంటూ ముసలమ్మ నన్ను లాక్కుని మూత తీసేసింది.

లోపలికి తొంగిచూసిన కళ్ళకు కనబడింది ఐసు నీళ్ళు, ప్లాస్టిక్ కవరులో మందు సీసా, సిరంజి. రాజవ్వ మొహం నల్లబడింది. "దీని కడుపుల ఏం రోగమున్నదో! మాకు చెప్పకుండ గిన్ని మందులా?"

స్వరూప తల వంచుకుంది. నాకు తెలుసు, ఆ రహస్యం ఆమెది కాదు. మొగుడి పరువు కోసం ఆమె మోస్తున్నది. తిరుపతి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంకోమాట అంటారేమో, ఈసారి కూడా ఇతను ఊరుకుంటాడేమో అని నాకే భయమేసింది.

"దానికి ఏ రోగం లేదమ్మా" అన్నాడు. "లోపం నాది. రిపోర్టులల్ల నాదే వచ్చింది. సూదులు మాత్రం ఇది పొడిపించుకుంటున్నది."

రాజవ్వ గోడ గడియారం వంక చూసి, "ఎన్నింటికి ఎయ్యాల్నే?" అంది.

"ఆరింటికి అత్తమ్మా."

"పది నిమిషాలే ఉన్నది. లేవు." లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. స్వరూప పొట్ట మీద ఏడు సూదులకు ఏడు నీలం మచ్చలు. అవి చూసి రాజవ్వ నన్ను రెండు చేతులా పట్టుకుని గోడకు ఆని కూలబడింది.

కథ ఇక్కడితో సుఖాంతమైతే బాగుండేది. ఆ విడత గర్భం నిలవలేదు. తరువాతిదీ నిలవలేదు. మూడోది ఏడు వారాలు నిలిచి, జారిపోయింది. ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చిన కోడల్ని రాజవ్వ ఏమీ అడగలేదు. అన్నం కలిపి ముద్ద నోటికందించింది. రెండు ముద్దలు మింగి స్వరూప, "ఇగ చాలు అత్తమ్మా, నా పానం అలసిపోయింది" అంది. "చాలు బిడ్డా" అంది రాజవ్వ కూడా.

కాగితాలు వెనక్కి తెచ్చుకోవడానికి చివరిసారి, అలవాటుగా నన్నూ తీసుకుని ఆసుపత్రికి వెళ్ళినప్పుడు బెంచీ మీద షహనాజ్ అనే అమ్మాయి కనబడింది. పాలిథిన్ సంచిలో ఐసు, కింద నీళ్ళ మడుగు. సిరంజి చూసి ఏడుస్తోంది. స్వరూప ఆమె పక్కన కూర్చుంది. ఎక్కడ చర్మం పట్టుకోవాలో, ఊపిరి ఎప్పుడు వదలాలో చూపించింది. నన్ను షహనాజ్ ఒళ్ళో పెట్టింది. ఏళ్ళు గడిచాయి. ఇప్పటికి అలా నేర్చుకుని, నన్ను తీసుకెళ్ళినవాళ్ళు పదకొండు మంది. ముగ్గురికి పిల్లలు పుట్టారు. మిగతావాళ్ళు స్వరూప ఇంటికి వచ్చి ఏడ్చి, రాజవ్వ పెట్టిన అన్నం తిని వెళ్ళారు.

షహనాజ్ మళ్ళీ మొదలుపెట్టింది; నేను మళ్ళీ ఆమె ఒళ్ళో ఉన్నాను, ఇవాళ తొమ్మిదో రోజు. కోరుట్ల బస్టాండులో బస్సు రాలేదు. నాలో ఐసు సగమైంది. ఆమె మూత మీద చెయ్యి వేస్తోంది, తీస్తోంది. సంచిలో ఫోన్ మోగింది.

"నువ్వు కదలకు షహనాజ్" అంటోంది స్వరూప. "ఐసు పట్టుకొని నేనే వస్తున్న."