పట్టుపోగు సాక్ష్యం

హిందూపురం నుంచి పెనుకొండకు ఆ స్పీకర్లను తీసుకుపోవడమంటే పచ్చి బాలింతను తీసుకుపోవడమే. కేశవ ఆ మాట ట్రాలీ ఆటో డ్రైవరుకు ముందే చెప్పాడు. వాడు సరేనని తలూపి, ఒక్క గుంతనూ వదలకుండా దింపాడు. వెనక తొట్టిలో స్పీకర్ల నడుమ కూర్చొని, చెరో చేత్తో చెరొకదాన్ని పట్టుకొని, సోమందేపల్లి దాటేదాకా కేశవ వాణ్ణి తిడుతూనే ఉన్నాడు.

అవి నారాయణ సార్‌వి. కేశవకు రిపేరు పని నేర్పినవాడాయన. బెంగళూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసే రోజుల్లో, ఇల్లు ఖాళీ చేసి పోతున్న ఒక దొర దగ్గర ఈ జతను మూగగా ఉన్నప్పుడే కొని, పలికించి, రిటైరయ్యాక పెనుకొండకు తెచ్చుకున్నాడు. మనిషి భుజమెత్తు ఉంటాయి. కింద చెక్కపెట్టెలో మామూలు కోను, మద్దెల లాంటి బరువు శబ్దాలకు. పైన పొడుగాటి పలక. అందులో రెండు చిల్లుల రేకుల నడుమ ఉల్లిపొర కంటే పలుచని ఫిల్ము బిగించి ఉంటుంది. వేల వోల్టులు ఎక్కిస్తే ఆ ఫిల్ము సన్నని శబ్దాలన్నీ పలుకుతుంది. హైబ్రిడ్ ఎలక్ట్రోస్టాటిక్ అని వీటి పేరు. నారాయణ మాత్రం "మొగుడూ పెళ్ళాం" అనేవాడు. కింద గట్టిగా అరిచేది మొగుడు, పైన సన్నగా నిజం చెప్పేది పెళ్ళాం.

గొడవంతా పోయిన ఆయుధపూజ నాడు మొదలైంది. నారాయణ భార్య చౌడమ్మ ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టింది. మగ్గానికీ కత్తెరకూ బొట్టు పెట్టి పెరిగిన చెయ్యి ఆమెది. మొగుడికి ప్రాణమైన వస్తువుకు పెట్టకుండా ఎట్లా ఉంటుంది? ఏటా కింది చెక్కకు పెట్టేది. ఆ ఏడు నడుము వంగక, ఎడమ స్పీకరు పైరేకుకే తడి కుంకుమ అద్దింది. స్విచ్చి వేయగానే టప్పుమని నిప్పురవ్వ లేచింది.

ఆనాటినుంచి "రెండిట్లోనూ పైన పలుకు పోయినాది" అని నారాయణ పాటలు పెట్టడం మానేశాడు. అన్నం పెట్టమనడానికి తప్ప భార్యతో నోరు విప్పలేదు. చివరికి చౌడమ్మే కేశవకు ఫోను చేసింది.

"నా చేత్తోనే ఆయప్ప ప్రాణం తీసినాను నాయనా. ఎట్లన్నా చేసి బాగు చెయ్యి" అని ఏడ్చింది.

హిందూపురంలో తన కొట్లో కేశవ ముందు ఎడమది విప్పాడు. కుంకుమ లోపలికి దిగి, ఫిల్ము చిన్న చిల్లు పడి కాలింది. కుడిది విప్పబోయే ముందు ఊరికే కరెంటు ఇచ్చి చూశాడు. దాని పై పలక కొంచెం నీరసంగానైనా పలికింది. మరి సార్ రెండూ పోయినాయని ఎందుకన్నాడు? ఆ ప్రశ్న ఒక్క క్షణం తొలిచింది గానీ, తర్వాత పనిలో పడి మరిచిపోయాడు. రెండింటికీ కొత్త ఫిల్ము బిగించాడు. నేతగాడు పడుగు మీద వేలు పెట్టి బిగువు చూసినట్టు వేలు పెట్టి చూస్తూ, సార్ నేర్పిన పద్ధతిలోనే బిగించాడు. వోల్టులిచ్చే బోర్డులో ముసలి కెపాసిటర్లన్నీ మార్చాడు. దొర కాలంలో లేని ఏర్పాటు ఒకటి తనే చేశాడు. దుమ్మూ కుంకుమా లోపలికి పోకుండా రేకులకు బయట పలుచని పొర తొడిగాడు. అన్నీ అయ్యాక పాట పెడితే, పక్క టీ కొట్టాయన గ్లాసు పట్టుకొని వచ్చి పాట అయ్యేదాకా కదల్లేదు.

పెనుకొండ ఇంటి హాల్లో స్పీకర్లు నిలబెట్టాక, నారాయణ కుర్చీలో కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. చౌడమ్మ వంటింటి గడప దగ్గర నిలబడింది. ఒకప్పుడు నారాయణే రికార్డు చేసిన భజన ఉంది, చనిపోయిన స్నేహితుడు పోతులయ్య తాళం వేసింది. కేశవ దాన్నే పెట్టాడు. మద్దెల లేచింది. దాని మీద తాళాలు, ఎదురుగా మనుషులు కూర్చొని వాయిస్తున్నట్టే. కేశవకు ఒళ్ళు పులకరించింది.

నారాయణ కళ్ళు తెరిచాడు. "పైన పలుకు లేదు గదబ్బా."

"ఉండాది సార్."

"యాడుండాది? మద్దెల వినొస్తాండాది. తాళాలు యాడ?"

చౌడమ్మ గడప మీద కూలబడింది. "ఇంకది రాదులే నాయనా. నా కుంకుమ మింగేసినాది దాన్ని."

కుడి స్పీకరు ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది కేశవకు. పోయింది పలక కాదు, సన్నని శబ్దాలు పట్టే సార్ చెవి. అది ఎప్పటినుంచో కొంచెం కొంచెంగా పోతూ ఉండాలి. నిప్పురవ్వ లేచిన నాడు ఆయనకు నింద వేయడానికి ఒక మనిషి దొరికింది, అంతే. అత్త మీద కోపం దుత్త మీద. కేశవకు సార్ మీద పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోపం వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. చెవినే నమ్ముకొని బతికిన మనిషితో నీ చెవి పోయిందని ఏ నోటితో చెప్పాలి? చెప్పకపోతే ఈ తల్లి చచ్చేదాకా ఆ పాపాన్ని మోస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అమ్మా, ఒక పట్టుపోగు ఇయ్యి" అన్నాడు.

ఆ మాట వినగానే నారాయణ తలెత్తాడు. పలకలో వోల్టులున్నాయో లేవో చూడటానికి ఆయన పద్ధతి అది. పట్టుపోగును రేకు దగ్గర వేలాడదీస్తే, పలక బతికుంటే పోగు దానివైపు వంగుతుంది. "చెవి మోసపోతాది, పోగు మోసపోదు" అని కేశవకు చెప్పింది కూడా ఆయనే.

చౌడమ్మ ధర్మవరం చీర కుచ్చులోంచి పోగు లాగి తెచ్చింది. కేశవ దాన్ని సార్ చేతికే ఇచ్చాడు. నారాయణ లేచి కుడి పలక దగ్గర పట్టుకున్నాడు. వంగింది. ఎడమ పలక దగ్గరికి పోయాడు. కుంకుమ అద్దినచోట పట్టుకున్నాడు. అక్కడా వంగింది. వెనక్కి తీసి, మళ్ళీ పట్టి చూశాడు. పోగు మళ్ళీ వంగింది. భజన సాగుతూనే ఉంది. ఆయన చాలాసేపు ఆ పోగునే చూశాడు. కేశవ తల దించుకున్నాడు.

నారాయణ వచ్చి కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు. "చౌడీ" అన్నాడు. ఏడాదిగా ఆ పిలుపు ఆ ఇంట్లో లేదు. "ఇట్లా రా. ఈడ కూర్చో. పైన ఏం పలుకుతాండాదో చెప్పు."

ఆమె బెదురుగా వచ్చి పక్కన కూర్చుంది. "తాళాలు..."

"నీకు వినొస్తాండాదా?"

"మొదటినుంచీ వినొస్తానే ఉండాది. నువ్వు లేదంటే, లేదేమోలే అనుకొంటి."

నారాయణ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. పాట సగానికి వచ్చేదాకా తియ్యలేదు. తర్వాత, "తప్పు నాదే. నీ కుంకుమది కాదు" అన్నాడు. "ఇంకా చెప్పు" అని ఆమె వైపు జరిగాడు.

"ఇద్దురు కొడతాండారు. ఒగాయప్ప రవ్వంత వెనకబడతాండాడు."

"వాడు పోతులయ్య" అన్నాడు నారాయణ. "వానికి ఎప్పుడూ ఆలస్యమే."

మాటల్లో చెప్పడం చేతకాక, చౌడమ్మ ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకొని, అరచేతిలో వేలితో తాళం వేయసాగింది. పోతులయ్య వెనకబడిన చోటల్లా ఆమె వేలూ వెనకబడింది.