పడమటి వరస పొగ

సాయిలు తన ఇంట్లో రాత్రి నిద్రపోయి రెండేళ్లు దాటింది. అలిగి పోలేదు, ఆలితో తగువు పడీ పోలేదు. దమ్ము. పొగ తగిలితే చాలు, ఛాతీ కొలిమితిత్తిలా ఎగిరి, మాట మధ్యలో తెగిపోయేది. పొగ ఉన్న ఇంట్లో ఉంటే బతకడం కష్టమని దవాఖానలో డాక్టరు తేల్చేశాక, మదీనాగూడలో ఒక సేటు జామతోటకు కావలి కుదిరాడు. ఆరుబయట గుడిసె. మూడు రాళ్లు పెట్టి, గాలివాటం చూసుకుని వంట.

ఆలి రుక్కమ్మ వెంట పోదామంటే నాలుగు బర్రెలు. పాలమ్మితేనే బతుకు. తోటలోకి బర్రెల్ని సేటు రానివ్వడు. అందుకని ఆమె ఖాజాగూడలో, అతను అక్కడ. వారానికొకసారి రొట్టెలు మూటగట్టుకుని గచ్చిబౌలి, కొండాపూర్ మీదుగా నడిచిపోయి, చూసి, పాలు పిండే వేళకు తిరిగొచ్చేది. పోయేటప్పుడు కాళ్లున్న సంగతే గుర్తుండేది కాదు. వచ్చేటప్పుడు దారిలో ప్రతి రాయీ తగిలేది.

డెబ్బై ఐదు ఎండాకాలంలో సమితి ఆఫీసు నుంచి గ్రామసేవకుడు పట్టాభిరామయ్య వచ్చాడు. కోస్తా మనిషి. పేడలోంచి గ్యాసు పుడుతుందండి, దాంతో పొయ్యి వెలుగుతుందండి అని ఆయన చెబుతుంటే ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

"మల్ల బువ్వ పెండ వాసనొస్తదా సారూ?" పక్కింటి కిష్టమ్మ అడిగింది.

"రాదండి. మంట నీలంగా, శుభ్రంగా..."

"పొగొస్తదా?" రుక్కమ్మ మధ్యలో అందుకుంది.

"చిటికెడు కూడా రాదండి. పైగా మిగిలిన పేడ పొలానికి మంచి ఎరువు..."

ఎరువు సంగతి ఆమె వినలేదు. ఆ సాయంత్రమే కొట్టం పక్కన కట్టెపుల్లతో గొయ్యికి గీత గీసింది.

గొయ్యి తవ్వి, ఇటుక కట్టి, పెండలో నీళ్లు కలిపి నింపారు. దాని మీద ఇనుప డ్రమ్ము బోర్లించారు. లోపల గ్యాసు పుడితే డ్రమ్ము పైకి లేవాలి. పొద్దున లేస్తూనే రుక్కమ్మ డ్రమ్ము అంచున బెత్తెలు పెట్టి కొలిచేది. పది రోజులైనా అంగుళం కదలలేదు.

"కోడిని పొదగేసినట్టు కూసున్నవేందే రుక్కీ! పిల్లలెప్పుడు లేస్తయి?" అని కిష్టమ్మ గోడ మీదుగా ఎకసెక్కమాడేది.

"లేస్తయి లే అక్కా. నీకే ముందు చూపెడత."

ఇరవై రెండో నాడు డ్రమ్ము జానెడు లేచింది. గొట్టం చివర పొయ్యిలో నీలం మంట వెలిగింది. రుక్కమ్మ దాని మీద గిన్నె పెట్టలేదు. ఒక తెల్లగుడ్డ తీసి మంట పైన పట్టింది. ఎంతసేపు పట్టినా మసి అంటలేదు. ఆ గుడ్డ కొంగుకు ముడేసుకుని, వారం నిండకుండానే మదీనాగూడ పోయింది.

సాయిలు గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు. వాసన చూశాడు.

"ఉతికి తెచ్చినవా ఏంది?"

"నీ మీద ఒట్టు. మంట మీద పట్టి తెచ్చిన."

అతను గుడ్డ తిరిగి ఇవ్వలేదు. "బేస్తారం వస్త," అన్నాడు.

బేస్తవారం లోపల ఆమె వంటింటి దూలాల మసి గీకి, గోడలకు సున్నం కొట్టింది. అతను మధ్యాహ్నం వచ్చి, వంటింట్లోనే గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఆమె జొన్నరొట్టె కొడుతుంటే, తోటలో చిలుకలు డబ్బా చప్పుడుకు బెదరడం మానేసి తన చేతిలో చుట్టను చూసి బెదిరేవని, అయితే చుట్ట ఎప్పుడో మానేశానని, ఇప్పుడు దాని బదులు ఉత్త పుల్ల పట్టుకుని తిరుగుతున్నానని మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా చెప్పాడు. చిలుకల ముచ్చట ఆమె చెవిన పడలేదు. తెగకుండా వస్తున్న ఆ ఊపిరినే వింటూ రెండు రొట్టెలు మాడ్చింది.

"ఇయ్యాల ఈడనే పంటవా?"

"పక్కెయ్యి మరి."

అప్పటికి మృగశిర దాటింది. పడమటి గాలి తిరిగింది. దీపాల వేళకు కిష్టమ్మ ఇంటితో సహా పడమటి వరస నాలుగిళ్లలో పొయ్యిలు రాజుకున్నాయి. తడి కట్టె, పిడకలు. పొగ గోడ దాటి, కొట్టం దాటి, పెంకుల సందుల్లోంచి దిగింది. రుక్కమ్మ తలుపేసింది. కిటికీలో గోనెసంచి కుక్కింది. పెంకుల్ని ఎట్లా మూస్తుంది?

"మన పొయ్యొక్కటే..." అని మొదలుపెట్టిన సాయిలు ఆ మాట పూర్తి చేయలేకపోయాడు.

ఊరి బయట రాతిగుండ్ల దాకా ఆమె భుజం పట్టి నడిపించింది. గుండు మీదికి ఎక్కాక అతనికి ఊపిరి అందింది. కింద ఊరి మీద పొగ దుప్పటిలా పరుచుకుని ఉంది.

"జర ఫికర్ చెయ్యకు. వెన్నెలుంది, నేను తోటకు పోత," అన్నాడు. "బర్రెలు మొత్తుకుంటుంటయి. నువ్వు పో."

ఆమె పోలేదు. అతను చెరువు కట్ట మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

తెల్లారి పాలు పోసి రాగానే రుక్కమ్మ పోయి కిష్టమ్మ గడపలో కూర్చుంది.

"అక్కా, పొద్దుగూకినంక వంట నా ఇంట్ల చేసుకో. నాలుగు బర్రెల గ్యాసు నా ఒక్కదానికి ఎక్కువైతుంది. డ్రమ్ము పక్కలకెల్లి బుడగలు పోతున్నయి."

"నీ మొగని కోసం నా పొయ్యి ఆర్పుతవా?" కిష్టమ్మ చేటలో బియ్యం ఆపింది. "దీపాల యాల్ల పొయ్యి రాజెయ్యకుంటె ఏమనుకుంటరు? ఇంట్ల పీనుగ లేచిందంటరు."

రుక్కమ్మ రాత్రంతా ఆలోచించుకునే వచ్చింది. "రాజెయ్యి. రాజెయ్యొద్దన్ననా? ఒక్క పుల్ల ముట్టిచ్చి, దండం పెట్టి ఆర్పు. పప్పు పొద్దుగాలనే నానేసి తే. మూత పెట్టి వండితే మంట సగం సరిపోతుంది."

"తక్కిన మూడిండ్ల సంగతో?"

"ముందు నువ్వు రా."

కిష్టమ్మ మళ్లీ బియ్యం చెరగసాగింది. కాని దీపాల వేళకు పప్పుగిన్నె చంకనెత్తుకుని వచ్చింది. వెనక ఆమె పెరట్లో ఒక్క పుల్ల పొగ సన్నగా లేచి పోయింది. తక్కిన మూడిళ్లు మాత్రం ఎప్పటిలాగే పొగ కక్కుతున్నాయి.

రుక్కమ్మ ఆమెకు పొయ్యి చూపించి, పడమటి గుమ్మంలోకి వచ్చింది. సాయిలు పీల్చినట్టే నోరు తెరిచి, మెల్లగా, లోపలికంటా గాలి పీల్చింది. పొగ నిన్నటికంటే తగ్గిందో, తగ్గాలని తనే అనుకుంటోందో తేలలేదు. ఇంకోసారి పీల్చింది.

"ఏందే, గీ పొయ్యి చెవి ఎటు తిప్పాలె?" లోపల్నుంచి కిష్టమ్మ అరిచింది. "గ్యాసంత ఊకెనే పోతుంది!"

"వస్తున్న అక్కా," అంటూ రుక్కమ్మ లోపలికి పరుగెత్తింది.