సెర్వా నోట మా అనుఫో

సెర్వా దక్షిణాన ఉన్న కుమాసి పట్నం నుంచి ఉత్తరాన మా చెరెపోనికి కోడలిగా వచ్చేనాటికి ఆమెకు మా అనుఫో భాష ఒక్క ముక్క రాదు. ఆమె పుట్టింటి భాష చ్వీ మా భాషకు దూరపు చుట్టమే కాబట్టి, వినగా వినగా ఏడాది తిరిగేలోపే చాలావరకు అర్థమైంది. నోరు మాత్రం ఒక్కచోట మొరాయించింది. మా "గ్బ" ఆమె నోట ఉత్త "బ" అయిపోయేది.

సంతలో వేరుశనగలమ్మే ఫుసేనాకు అది దొరికింది. "ఏం వదినా, పెదాలు సగం కుమాసిలోనే వదిలేసొచ్చావా?" అనేది.

"లేదు వదినా, మీ ఊరి ఎండకి ఎండిపోయాయి," అని సెర్వా నవ్వేసేది. ఇంటికొచ్చాక నవ్వు ఉండేది కాదు. పెరట్లో వెన్న తీయడానికి షియా గింజలు దంచుతూ ఒక్కతే ఆ శబ్దం కోసం తంటాలు పడేది.

అత్త అజారా ఒకరోజు విని రోకలి లాక్కుంది.

"అలా కాదే పిల్లా. నోట్లో నీళ్ళు పోసుకో. మింగబోయి ఆగు. గొంతూ పెదాలూ మూసుకున్నాయా? రెండూ ఒక్కసారే వదులు."

నీళ్ళన్నీ అత్త మొహాన పడ్డాయి. అజారా కొంగుతో తుడుచుకుంది. "స్నానం అయింది. ఇంకోసారి కానీ," అంది.

వర్షాలు వెనకబట్టేసరికి "గ్బ" పట్టుబడింది. ఆ ధైర్యంతోనే సెర్వా వేపచెట్టు కింద సాండా మాస్టారు నడిపే అనుఫో చదువుకు చేరింది. చెవితో పట్టుకోలేని తేడాలు అక్షరాల్లో కంటికి కనబడ్డాయి. వంట చేస్తూ కూడా బూడిదలో రాసేది.

ఆ ఏడు ఊరి నాయకుడి వాకిట్లో చదివే పోటీ పెట్టారు. ఇలా పెద్దలకు చదువు చెప్పే ఒక్కో బడి నుంచి ఒక్కరు, ముందు చూడని పేజీ చదవాలి. మాస్టారు సెర్వా పేరు చెప్పగానే పెద్దాయన బియేమా లేచాడు.

"మన భాష చదవడానికి కుమాసి అషాంతి పిల్లా? మనవాళ్ళ నోళ్ళు పడిపోయాయా?"

"ఇంతకంటే బాగా చదివేవాళ్ళని తీసుకురా తాతా. ఆమెని కూర్చోబెడతా," అన్నాడు సాండా.

తాత గొణుక్కుంటూ కూర్చున్నాడు.

పోటీనాడు సంతలో నడిచే బడి తరఫున ఫుసేనా గడగడా చదివింది. చప్పట్లు మోగాయి. తరవాత సెర్వాకిచ్చిన పేజీలో హైనా పెళ్ళికథ ఉంది. మొదటి వాక్యానికి తడబడింది. రెండోదానికి నిలదొక్కుకుంది. పెళ్ళికూతురు తండ్రిని హైనా బతిమాలే చోట ఆమె గొంతు హైనాదే అయింది. పిల్లలు పకపకా నవ్వారు. "ఇవ్వకయ్యా, మేకల్ని తినేస్తుంది," అని ఎవరో కేకేశారు. చూస్తే బియేమా తాతే. ఆమె చదువుతోందన్న సంగతి అందరం మరిచిపోయాం.

తీర్పుకు పెద్దలు చర్చించుకోలేదు. బహుమతిగా పెట్టిన కొత్త సైకిలు సెర్వా ముందుకు తోశారు. అందరికంటే ముందు ఫుసేనా వచ్చి ఆమె చెయ్యి పైకెత్తింది.

"ఎవరి పిల్ల ఈమె?" అని పక్క ఊరివాళ్ళు అడిగారు.

"నా పిల్ల," అంది అజారా. "అనుఫో పిల్ల."

సెర్వాకు సైకిలు తొక్కడం రాదు. అత్తను వెనక కూర్చోబెట్టి సంత వీధంతా సైకిలు తోసుకుంటూ పోయింది. డప్పులవాళ్ళు ముందు, మేమంతా వెనక. అజారా రెండు చేతులూ గాల్లో ఊపుతూ, దిగమన్నా దిగలేదు.