వందకు ఆరు పుస్తకాలు

మా ఊరి టౌనుహాలు తాతల నాటిది. 1982లో పాత హాలు బాగుచేసి, ఉత్తరం వైపు గ్రంథాలయానికి కొత్త గది కలపాలని కమిటీ తీర్మానించింది. పని అయ్యేవరకు పుస్తకాలు ఉంచడానికి నా కొబ్బరికాయల గొడౌను ఇచ్చాను. ఎలాగూ సగం ఖాళీ. శిలాఫలకం మీద నా పేరు వేస్తామన్నారు. నష్టం లేని బేరం.

పుస్తకాలు మోసి, లెక్కపెట్టి, గోనెసంచుల్లో కుట్టింది మా ముసలయ్య. ముప్పై ఏళ్లుగా నా దగ్గర కాయ లెక్కపెట్టేది అతనే. ఒకటి అనడు, ‘లాభం’ అని మొదలుపెడతాడు. అతను వంద అన్నప్పుడల్లా లైబ్రేరియను సుగుణ సంచి మీద అంకె వేసి సంతకం పెట్టింది. మొత్తం నలభై సంచులయ్యాయి.

మూడో రోజు జిల్లా గ్రంథాలయ సంస్థ నుంచి ప్రభాకరరావుగారు గొడౌనుకు తనిఖీకి వచ్చారు. రిజిస్టరులో నాలుగువేల రెండువందల నలభై పుస్తకాలున్నాయి. సంచుల మీది అంకెలు కూడితే నాలుగువేలు.

“రెండువందల నలభై తగ్గేయమ్మా. ఎవరికైనా ఇచ్చేరా?”

“లేదండీ. అన్నీ వెనక్కి వచ్చేకే మోయించేనండీ.”

“మిమ్మల్ని పర్మనెంటు చేసే కాగితం తెచ్చేను. ఈ లెక్క మీద ఇవ్వలేనమ్మా. తీసికెళ్లిపోవాలి.”

సుగుణ ఐదేళ్లుగా టెంపరరీ. ఆ ఇంట్లో జీతం వచ్చేది ఆమె ఒక్కదానికే. సంచుల మీద తన సంతకాలే చూస్తూ నిలబడింది.

నలభై వందలు. వందకు ఆరు. నాకు అక్కడే తెలిసిపోయింది. కాయ కొనేటప్పుడు కుళ్ళు, పగుళ్ల కింద వందకు కొన్ని కొసరు తీసుకోవడం మా వ్యాపారంలో వాడుక. కొసరు పైకి లెక్కపెట్టరు. ముసలయ్య చేతికి పుస్తకమూ కాయే.

చిక్కల్లా ఒకటే. రైతులకు నేను చెప్పిన కొసరు నాలుగు. ముసలయ్య వేసేది ఆరు, నాకు తెలిసే. కమిటీ అధ్యక్షుడు సుబ్బరాజుగారు నా పక్క కుర్చీలోనే ఉన్నారు. తన తోటలో కాయ దింపిన ప్రతిసారీ ఇరవై వేల కాయ నాకే వేస్తారాయన.

సంచి విప్పితే ఆ ఇరవై వేలూ పోవచ్చు. విప్పకపోతే సుగుణ చేతికి ఆ కాగితం రాదు. తాళం నాది, కొత్త గది కట్టేదాకా ఏడాది గడువుంది. తర్వాత ఎవరు విప్పినా వందే ఉండేలా, సంచికి ఆరు చొప్పున తీసేసి మళ్లీ కుట్టించడం పెద్ద పని కాదు.

ముసలయ్య నా చెవి దగ్గరికి వంగాడు. “కొసరు సంగతి చెప్పమంటారాండి?”

“చెప్పకు. ఆ సంచి విప్పి లెక్కపెట్టు.”

లాభం, రెండు, మూడు అంటూ వందకు వచ్చాడు. అక్కడ నోరు ఆగింది, చెయ్యి ఆగలేదు.

“పైకి,” అన్నాను.

“నూట ఒకటి.” నూట ఆరు దగ్గర సంచి ఖాళీ అయింది.

సుబ్బరాజుగారు ముందు నవ్వారు. “పుస్తకాల్లో కూడా కుళ్ళుంటాయేంటి, సూర్యారావుగారూ?” తర్వాత నవ్వు ఆపారు. “మాకు నాలుగన్నారు కదండీ.”

“అవునండి. అన్నాను.”

“ఆయ్,” అని లేచి వెళ్లిపోయారు.

ప్రభాకరరావుగారు సంచులన్నీ విప్పించారు. దేన్లో చూసినా నూట ఆరే. కాగితం సుగుణ చేతికిచ్చారు. ఆమె దాన్ని మడిచి రిజిస్టరులో పెట్టుకుని, వంద అంకెలన్నీ కొట్టేసి నూట ఆరు వేసింది. నాకు దండం పెట్టబోతే వద్దన్నాను. చేసిందీ మేమే, విప్పిందీ మేమే.

ఏడాది పాటు సుబ్బరాజుగారి కాయ అమలాపురం వెళ్లింది. కొత్త గది తెరిచిన నెలలో బండ్లు మళ్లీ నా గొడౌను ముందు ఆగాయి. వెంట ఆయనా వచ్చి, రాశి పక్కనే కుర్చీ వేయించుకున్నారు. ముసలయ్య వంద దాటాక నాలుగూ పైకి చెప్పాడు. ఐదో కాయ చేతిలో ఉంది. నా వైపు చూసి, తిరిగి రాశిలో పెట్టేశాడు.