స్టాండ్‌బై డిస్కు

ఆంథోని అంకుల్‌కి పాల్వంచ పవర్ ప్లాంట్‌లో ముప్పై రెండేళ్ల సర్వీసు. అన్నేళ్లలో ఆయన ఒంటబట్టించుకున్నది ఒకటే: ఏదైనా రెండుండాలి. పంపు ఒకటి నడుస్తుంటే పక్కన ఇంకొకటి స్టాండ్‌బైలో సిద్ధంగా ఉండాలి. ఆయన ఇంట్లో గ్యాస్ పొయ్యిలు కూడా రెండే.

అందుకే టీవీకి ఒక కంప్యూటర్ కట్టి, ఇంట్లో ఉన్న సినిమాలు, చర్చి పాటలు, పిల్లల వీడియోలు అన్నీ అందులో వేసివ్వమని నా కంప్యూటర్ షాపుకొచ్చినప్పుడు, బ్యాకప్ మాట నేనెత్తకముందే ఆయనే ఎత్తాడు.

"షబ్రీన్ బిడ్డా, డిస్కులు రెండు పెట్టాలె. ఒకటి ట్రిప్పయి ఆగితే ఇంకోటి ఎక్కాలె."

ఇలాంటి కస్టమర్ దొరకడం నా అదృష్టమని మురిసిపోయాను. నాది తొందరగా మురిసిపోయే బుద్ధి. కోపం అంతకంటే తొందరగా వస్తుంది.

ఫ్యాను చప్పుడు వినపడొద్దని ఆయన భార్య ముత్యాలమ్మ ఆంటీ షరతు పెట్టింది కాబట్టి, చప్పుడు చేయని చిన్న డబ్బా కట్టి టీవీ కింద పెట్టాను. రెండు డిస్కులకూ అసలు, నకలు అని చీటీలు అంటించాను. ఆదివారం చర్చి నుంచి రాగానే తెర మీద ఒక బొమ్మ నొక్కితే చాలు. అసలులో ఉన్నదంతా నకలులోకి చేరుతుంది, అసలులో లేనిది నకలులో చెరిగిపోతుంది.

కొన్నాళ్లకు వాళ్ల పెళ్లి క్యాసెట్ తెచ్చిచ్చారు. కారేపల్లి చర్చిలో జరిగిన పెళ్లి. బూజు తుడిచి, ఆరు ముక్కలుగా కంప్యూటర్‌లోకి ఎక్కించేసరికి టేపు తునాతునకలైంది. వీడియోలు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చి, వారం తర్వాత నా దగ్గరున్న కాపీ తీసేశాను. ఒకరింటి వీడియోలు మన దగ్గర దాచుకోకూడదని మా అబ్బా, అదే మా నాన్న, పెట్టిన నియమం.

శనివారానికి వాళ్ల పెళ్లై ముప్పై ఏళ్లు. కాలనీ వాళ్లనూ, కారేపల్లి చుట్టాలనూ పిలిచి పెద్ద టీవీలో తన పెళ్లి చూపించాలని ఆంటీ ముచ్చట. గురువారం పొద్దున అంకుల్ ఫోన్ చేశాడు.

"బిడ్డా, పెండ్లి కనిపిస్తలేదు."

పెన్‌డ్రైవ్‌లో ఉంటుందిగా అంటే, దాన్ని చెరిపి పాటలు నింపుకున్నానన్నాడు. పరుగున వెళ్లాను. చూస్తే 'అసలు' డిస్కు ఉండాల్సిన చోట 'నకలు' ఉంది.

"డిస్కులు ఎవలు మార్చిండ్రు అంకుల్?"

"నేనే. పదిహేను దినాలకోసారి చేంజోవర్. మా ప్లాంట్ల గట్లనే చేస్తం. స్టాండ్‌బైని ఊకె కూసోబెడితే కరాబైతది."

కంప్యూటర్‌కి చేంజోవర్ ఏం తెలుసు? అది డిస్కు పేరు చూసి పని చేస్తుంది, ఉన్న చోటు చూసి కాదు. ఆయన అసలు అనుకుని పెళ్లిని నకలులో వేశాడు. ఆదివారం బొమ్మ నొక్కాడు. అసలులో పెళ్లి లేదు కాబట్టి నకలులో ఉన్న పెళ్లిని అది శుభ్రంగా తుడిచేసింది. ఆ పైన, తుడిచిన చోటి మీదే ఆయన నాలుగు సినిమాలు కూడా ఎక్కించాడు.

"ఇవి పంపులా అంకుల్!" అని అరిచేశాను.

ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంకుల్ ఆమె వైపు చూడలేకపోయాడు. నా కోపం నా మీదికే తిరిగింది. ఆ బొమ్మ ఏం చేస్తుందో ఆయనకు నేను సరిగ్గా చెప్పి ఉంటే ఇంత జరిగేదా? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు డిస్కు పట్టుకుని షాపుకి పరిగెత్తాను.

రెండు రోజులు వెతికితే ఆరు ముక్కల్లో ఒక్కటి దొరికింది. పదకొండు నిమిషాలు. అందులో పెళ్లికూతురూ లేదు, పెళ్లికొడుకూ లేడు. శనివారం మధ్యాహ్నం తల వంచుకుని వెళ్లాను.

"ఆంటీ, గిదొక్కటే దొరికింది. ఉత్త భోజనాలే. మీరిద్దరు ఇందుల లేరు."

"పెట్టు బిడ్డా, చూద్దాం."

తెర మీద షామియానా, చాపల మీద బంతులు, విస్తళ్లు. నడుముకు తువ్వాలు చుట్టుకున్న ఒక బక్కమనిషి పప్పుచారు బకెట్‌తో ప్రతి విస్తరి దగ్గరా వంగి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటున్నాడు. ఒకచోట తలెత్తి కెమెరాను కసిరాడు. "నన్నేంది తీసుడు? పోయి నా బిడ్డను తియ్యి!"

ఆంటీ లేచి టీవీ దగ్గరికి వెళ్లింది.

"నాయిన," అంది.

పెళ్లైన మరుసటి ఏడే ఆయన పోయాడట. నాకు చెబుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "ఎన్నిసార్లు పెట్టినా భోజనాల కాడ టేపు ఉరికిచ్చినం బిడ్డా, మమ్మల్ని మేం జల్దీ చూసుకునేటందుకు. నాయిన గొంతు ఇందుల ఉన్నదని నాకు తెల్వనే తెల్వదు."

అంకుల్ అప్పటికి ఊపిరి పీల్చుకున్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

సాయంత్రం వచ్చినవాళ్లంతా ఆ పదకొండు నిమిషాలు నాలుగుసార్లు చూశారు. కారేపల్లి వాళ్లు బంతిలో తమను తాము గుర్తుపట్టి ఒకటే గోల. తర్వాత భోజనాలకు కూర్చున్నాం. ఆంటీ పప్పుచారు బకెట్ ఎవరి చేతికీ ఇవ్వలేదు. కొంగు నడుముకు చుట్టి, ఒక్కొక్క విస్తరి దగ్గరా వంగుతూ మా వరుసకు వచ్చింది.

నేను చేయి అడ్డం పెట్టాను.

"ఇంకొంచెం," అంది.