మెల్లగా అన్న మాట

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైనందుకు ఆ భవనంలో వాళ్ళంతా ఆవిడను ఎక్స్ఛేంజమ్మ అనేవారు. భర్త పోయాక మూడో అంతస్తులో కొడుకూ కోడలి దగ్గర ఉండేది. డెబ్బై దాటినా చీకటితో లేచి టీ పెట్టుకునేది. బజారు తెరిచే వేళకు సంచీ పట్టుకుని మెట్లు దిగి రొట్టె, పళ్ళు తెచ్చేది. కోడలు ఉద్యోగానికి బయల్దేరేసరికి వంట సిద్ధంగా ఉండేది. "అత్తయ్య లేకపోతే నా బతుకు బస్టాండే" అని కోడలు నలుగురిలో చెప్పుకునేది.

కిందటేడు చివర్లో వచ్చిన సెలవులకు కోడలి తల్లి వచ్చింది. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా చేసి దిగిపోయిన మనిషి. అందరికీ టీచరమ్మే. వియ్యపురాళ్ళిద్దరికీ ఒకటే గది, చెరో మంచం. మొదటి రోజు రాత్రి పడుకోబోతూ టీచరమ్మ ఒక మాత్ర తీసి ఇచ్చింది.

"విటమిన్ వదినగారూ. ఈ చలికి కీళ్ళనొప్పులు దగ్గరికి రావు. నేను రోజూ వేసుకుంటా."

వియ్యపురాలు ప్రేమగా ఇచ్చింది కదా అని ఎక్స్ఛేంజమ్మ వేసుకుంది. మర్నాడూ వేసుకుంది. ఆ పై రోజూ వేసుకుంది. పొద్దెక్కినా లేవలేకపోయేది. తల దిమ్ముగా ఉండేది. చెప్పిన మాటే మళ్ళీ చెప్పేది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతే గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. సెలవులు కదా, ఇంటినిండా చుట్టాలు. అందరూ చూశారు. చివరికి ఒక పొద్దున బాత్‌రూములో కళ్ళు తిరిగి పడింది. మణికట్టు విరిగింది.

కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చేసరికి హాల్లో టీచరమ్మ గొంతు ఖంగుమంటోంది. "నేను వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను అల్లుడుగారూ. ఆవిడకి మతి తప్పుతోంది. గ్యాస్ దగ్గరికి రానివ్వకండి. మెట్లు దిగనివ్వకండి. రేపేదైనా అయితే మాట పడేది మా అమ్మాయి."

టీచరమ్మ ఊరికి వెళ్ళిపోయాక మంచం కింద ఊడుస్తుంటే మాత్రల షీటు ఒకటి దొరికింది. ఎక్స్ఛేంజమ్మ మందుల షాపుకు ఫోన్ చేసి దానిమీది పేరు చదివింది. "అది నిద్రమాత్ర అమ్మా, పెద్దవాళ్ళకి మేం ఊరికే ఇవ్వం" అన్నాడు షాపతను.

ఆ సాయంత్రం కొడుక్కి చెప్పింది. కొడుకు అత్తగారికి ఫోన్ చేశాడు. టీచరమ్మ తొణకలేదు. "నేనిచ్చింది విటమిన్లే. ఆవిడే నా సంచీలోంచి ఇంకోటేదో తీసుకుని ఉంటారు పాపం. గుర్తుండదుగా." కొడుకు ఫోన్ పెట్టేసి, తల్లి భుజం మీద చెయ్యివేసి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "అమ్మా, ఒకళ్ళ మీద నింద వెయ్యకూడదమ్మా."

ఆ మాట విన్నాక ఎక్స్ఛేంజమ్మ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇంటి తాళంచెవి కోడలు తీసుకుంది. వంటకు మనిషిని పెట్టారు. పొద్దున వాళ్ళు బయల్దేరేటప్పుడు గ్యాస్ సిలిండరు కట్టేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ వెళ్ళేవారు. ఎక్స్ఛేంజమ్మ కిటికీ పక్క కుర్చీకి అంటుకుపోయింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. భయపడ్డారు, అంతే. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. అందుకే కోపమంతా చెక్కుచెదరకుండా టీచరమ్మ కోసం దాచిపెట్టుకుంది.

చెయ్యి బాగుపడ్డానికి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. "చెయ్యి ఒక్కటే కాదు బామ్మగారూ, కాళ్ళు కూడా చూసుకోవాలి. కూర్చున్నకొద్దీ కుర్చీయే దిక్కవుతుంది" అని, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం నేర్పింది. సింకు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం నేర్పింది. దాహం వెయ్యకపోయినా నీళ్ళు తాగమంది. పూట పూటా కాసేపు ఎండలో నడవమంది.

ఆ అమ్మాయి రావడం మానేశాక కూడా ఎక్స్ఛేంజమ్మ మానలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు హాలు ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేది. మోకాళ్ళు మొరాయిస్తే టీచరమ్మ ముఖం తలుచుకునేది. "గుర్తుండదుగా" అన్న ఆ గొంతు తలుచుకుంటే చాలు, ఒంటికాలి మీద ఇంకాసేపు నిలబడగలిగేది. ఆవిడకు ఆరోగ్యం మీద అంత మోజేమీ లేదు. మళ్ళీ సెలవులకు టీచరమ్మ వచ్చేసరికి తను నిటారుగా నిలబడి ఉండాలి. ఆ తరువాత ఏం చెయ్యాలో మాత్రం చాలాకాలం తోచలేదు.

తోచింది ఫోన్‌లో. కోడలు తల్లితో మాట్లాడి, మర్యాదకు అత్తగారికి కూడా ఫోన్ అందించేది. ముప్పై ఏళ్ళు చెవికి తీగె తగిలించుకుని బతికిన మనిషి ఎక్స్ఛేంజమ్మ. అవతలి మనిషి ఊపిరిని బట్టి అబద్ధం పసిగట్టేది. టీచరమ్మ ఫోన్‌ను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చడం వినిపించింది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఒక చిన్న తడబాటు వినిపించింది. వెనకాల టీవీ రోజురోజుకూ గట్టిగా మోగుతోంది. టీచరమ్మకు చెవుడు వస్తోంది. ఆ సంగతి కన్నకూతురికి కూడా చెప్పకుండా కప్పిపుచ్చుకుంటోంది.

ఎక్స్ఛేంజమ్మ ఫోన్ పెట్టేసి, చాలా రోజుల తర్వాత, కడుపునిండా భోంచేసింది.

సెలవులు వచ్చాయి. టీచరమ్మ వచ్చింది. గుమ్మంలో ఎక్స్ఛేంజమ్మ ఎదురెళ్ళి, ఆవిడ పెట్టె తనే ఎత్తి గదిలో పెట్టింది. టీచరమ్మ ముఖంలో రంగు మారింది.

"అబ్బో, బాగా కోలుకున్నారే వదినగారూ!"

"మీ చలవే వదినగారూ" అంది ఎక్స్ఛేంజమ్మ, గట్టిగానే.

భోజనాల దగ్గర ఆట మొదలైంది. ఆ రోజు ఎక్స్ఛేంజమ్మ మరిది, తోటికోడలు కూడా వచ్చారు. పలకరిస్తే టీచరమ్మ కుడి చెవే ముందుకు తేవడం చూసి, ఎక్స్ఛేంజమ్మ కావాలని ఆవిడ పక్కన, వినపడని ఎడమ చెవి వైపు కూర్చుంది. గొంతు ఎంత తగ్గించాలో, ఏ అక్షరాన్ని మింగాలో ఆవిడకు బాగా తెలుసు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకు శుభ్రంగా వినిపించాలి. ఆ ఒక్క చెవికి మాత్రం అందకూడదు.

"వదినగారూ, పాలు పొయ్యమంటారా?"

"కాలికేం, బాగానే ఉంది. నిన్న కొంచెం పట్టేసింది గానీ" అంది టీచరమ్మ నవ్వుతూ.

అందరూ నవ్వారు. టీచరమ్మ కూడా, ఎందుకో తెలియకుండానే, నవ్వేసింది.

"బాత్‌రూములో సబ్బుందా?"

"డబ్బెందుకండీ ఇప్పుడు? ఉంచండి, ఉంచండి!"

ఈసారి నవ్వు తగ్గింది. కోడలు తల్లి వైపు అదోలా చూసింది. ఆ చూపును ఎక్స్ఛేంజమ్మ గుర్తుపట్టింది. కిందటేడు పాలగిన్నె మాడిన రోజు అదే చూపు తన మీద పడింది.

రెండు రోజులు ఇలాగే నడిచింది. టీ కప్పు పెదాలకు ఆనించుకుని అడిగేది. కిటికీ వైపు తిరిగి అడిగేది. టీచరమ్మ పొంతన లేని జవాబులు చెప్పేది. వినపడలేదని ఒప్పుకుంటే ఒక్క నిమిషంలో తేలిపోయే వ్యవహారం. కానీ టీచరమ్మకు ప్రాణం కంటే పరువు ఎక్కువ.

మూడో రోజు ఎక్స్ఛేంజమ్మ అసలు దెబ్బ కొట్టింది. టీచరమ్మ అన్నగారు ఆ ఏడు మొదట్లోనే చనిపోయారు. అందరూ టీ తాగుతుండగా ఎక్స్ఛేంజమ్మ మెల్లగా అడిగింది.

"మీ అన్నయ్యగారు పోయి ఏడాది కావస్తోందా వదినగారూ?"

'గారు' అన్న ముక్క తప్ప టీచరమ్మకు ఇంకేమీ అందలేదు. ఊళ్ళో తన పక్కింటాయన క్షేమం అడుగుతోందనుకుంది. ముఖం వెలిగించుకుని, "ఆఁ, బ్రహ్మాండంగా ఉన్నారు. పొద్దున్నే నడకకి కూడా వెళ్తారు. మిమ్మల్నందర్నీ అడిగానని చెప్పమన్నారు" అంది.

ఎవరి చేతిలో కప్పు వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. కోడలు లేచి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. టీచరమ్మ మాత్రం అదే చిరునవ్వుతో ఒక్కొక్కరి ముఖమూ చూస్తోంది, తనేం తప్పు మాట్లాడిందో ఎవరైనా చెప్తారేమోనని. ఆ నవ్వు చూసి ఎక్స్ఛేంజమ్మకు ఒక్క క్షణం గుండె కలుక్కుమంది. ఆ వెంటనే, కట్టు కట్టిన చేత్తో హాలు గుమ్మంలో నిలబడి తన గురించి తనే విన్న రోజు గుర్తొచ్చింది. టీ మిగతాది తాగేసింది.

సాయంత్రం కొడుకు అత్తగారిని కూర్చోబెట్టి, పెద్ద గొంతుతో, ప్రతి మాటా విడమర్చి చెప్పాడు. "అత్తయ్యగారూ, మీరింక ఒంటరిగా ఉండొద్దు. మా దగ్గరే ఉందురుగాని. మీ ఇంటి తాళాలు మాకివ్వండి. ఒకసారి డాక్టరుకి చూపిద్దాం, తలకి."

ఇది మాత్రం టీచరమ్మకు బాగానే వినిపించింది.

వంటింట్లో నీళ్ళు తాగుతున్న ఎక్స్ఛేంజమ్మ దగ్గరికి వచ్చి తలుపు మూసింది.

"కావాలనే చేశారు కదూ? నాకు ఎటువైపు వినపడదో కనిపెట్టి, అటే కూర్చుని..."

"కావాలనే" అంది ఎక్స్ఛేంజమ్మ, ముఖాముఖి నిలబడి, గంట కొట్టినట్టు. "బాగా వినిపిస్తోందా ఇప్పుడు?"

"చచ్చిపోయిన మా అన్నయ్యని అడ్డం పెట్టుకుంటారా? మీరూ ఒక మనిషేనా?"

"నిద్రమాత్రలు మింగించింది ఎవరు వదినగారూ? విరిగిన చేత్తో నేనొచ్చేసరికి మతి తప్పిందని చాటింపు వేసింది ఎవరు? నా కొడుకు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఏడాదిపాటు తాళం లేని బతుకు బతికాను."

టీచరమ్మ కళ్ళు దించుకుంది. "తెల్లారకుండానే లేచి లైటు వేస్తారు. నాకు కంటి మీద కునుకుండదు. నాలుగు రోజులు హాయిగా పడుకుందామనే ఇచ్చాను మొదట. తర్వాత... నా కూతురు ఎప్పుడూ అత్తయ్య అత్తయ్య అంటుంది. నా వంట ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు. మీరు తూలుతుంటే... నాకు బాగుండింది. పడతారనుకోలేదు."

"అయితే ఈ మాట హాల్లోకొచ్చి చెప్పండి. మీ చెవి సంగతి నేను చెప్తాను. మీ తాళాలు మీకుంటాయి."

"నా కూతురు నన్నేమనుకుంటుంది?"

"నన్నేమనుకుందో అదే."

టీచరమ్మ తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది. ఎక్స్ఛేంజమ్మ గ్లాసు కడిగి బోర్లించింది. తొందరేమీ లేదు ఆవిడకు.

మర్నాడు పొద్దున్నే కోడలు తల్లి సంచీలోని మందులన్నీ తీసి తన బీరువాలో పెట్టుకుంది. "ఇకనుంచి నేనే ఇస్తానమ్మా. నువ్వు రెండుసార్లు వేసుకుంటావేమో" అంది. తల్లి వంటింటి వైపు వెళ్ళబోతే భుజం పట్టుకుని మెత్తగా ఆపింది. "పొయ్యి దగ్గరికి వద్దు. ఇలా కూర్చో." ఆ కిటికీ పక్క కుర్చీలోనే కూర్చోబెట్టింది.

టీచరమ్మ ఆ కుర్చీలో ఎంతోసేపు కూర్చోలేదు. ఉన్నట్టుండి లేచి అరిచింది.

"నాకు మతి పోలేదే! చెవుడొచ్చింది! వినపడి చావడం లేదు నాకు! కిందటేడు మీ అత్తగారికీ మతి పోలేదు. నేనే నిద్రమాత్రలిచ్చాను. విటమిన్లని చెప్పి ఇచ్చాను!"

కొడుకు చేతిలోని పేపరు జారింది. కోడలు గోడకు ఆనుకుంది. "అమ్మా, ఏం మాట్లాడుతున్నావు? మళ్ళీ..." అంటూ భర్త వైపు చూసింది. ఇది కూడా మతి తప్పిన మాటేననుకుంది.

టీచరమ్మ గిర్రున ఎక్స్ఛేంజమ్మ వైపు తిరిగింది. "చెప్పండి వదినగారూ! నిజమని చెప్పండి వీళ్ళకి!"

ఇప్పుడు ఒక్క మాటంటే చాలు. ఇల్లంతా ఎక్స్ఛేంజమ్మ నోటి కోసమే చూస్తోంది. ఆవిడ మాత్రం చేతిలోని పండు నిదానంగా వలుచుకుంటూ కూర్చుంది. నిజం చెప్పినా ఎవరూ నమ్మకపోతే ఎలా ఉంటుందో టీచరమ్మ కాసేపు చూడాలి. ఆ కాసేపటిలో టీచరమ్మ ఏడ్చింది, అల్లుడి చెయ్యి పట్టుకుని ఒట్టు వేసింది, కూతురి ముందు చేతులు జోడించింది.

పండు తినడం అయ్యాక ఎక్స్ఛేంజమ్మ చేతులు తుడుచుకుంది.

"నిజమే" అంది. "ఎడమ చెవి బొత్తిగా వినపడదు. నాకు ముందే తెలుసు. అందుకే అటే కూర్చున్నాను. మాత్రల సంగతి నేను అప్పుడే చెప్పాను. మీరే వినలేదు. మీకేమో చెవులు బాగానే పనిచేస్తాయి."

కొడుకు తల్లి కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. "అమ్మా..." అన్నాడు. ఆవిడ వాడి తల నిమరలేదు. "తాళంచెవి ఇవ్వరా" అంది.

ఆ వారంలోనే టీచరమ్మను చెవుల డాక్టరుకు చూపించారు. మిషన్ పెట్టారు. ఏ వయసులోనైనా చెవి మూతపడితే మనిషి నలుగురికీ దూరమైపోతాడని, ముందే రావలసిందని డాక్టరు కోప్పడ్డాడు. కోడలు చాలా రోజులు అత్తగారితో ముభావంగానే ఉంది. ఒక పూట ఉండబట్టలేక అడిగేసింది.

"మా అమ్మ తప్పు చేసింది, ఒప్పుకుంటాను. కానీ మా మావయ్యని అడ్డం పెట్టుకుని... అది నేను మరిచిపోలేను అత్తయ్యా."

"మరిచిపోకు" అంది ఎక్స్ఛేంజమ్మ. "నేను మాత్రం మరిచిపోమన్నానా?"

సెలవులు అయిపోయి టీచరమ్మ బయల్దేరిన రోజు గుమ్మంలో ఆగింది. చెవి వెనక కొత్త మిషన్ సర్దుకుంటూ, ఎవరూ దగ్గర లేకుండా చూసి అడిగింది.

"మనసులో ఇంకేమీ పెట్టుకోలేదు కదా వదినగారూ?"

"పెట్టుకున్నాను."

టీచరమ్మ తల ఊపి, రైలింగు పట్టుకుని మెట్లు దిగింది. ఎక్స్ఛేంజమ్మ పైనుంచి చూస్తూ ఉంది. మొదటి మలుపులో ఆవిడ కాలు తడబడడం కనిపించింది.

"వదినగారూ! మోకాళ్ళు బలహీనంగా ఉన్నాయి మీకు. కూర్చుని కూర్చుని అలా అయ్యాయి. ఊరెళ్ళాక రోజూ నడవండి" అని అరిచింది.

అది దయతో అన్నదో కాదో టీచరమ్మకు తెలియలేదు. ఆ మాటకొస్తే ఎక్స్ఛేంజమ్మకూ తెలియలేదు. టీచరమ్మ పడిపోకూడదు. చాలా ఏళ్ళు బతకాలి, ప్రతి సెలవులకూ రావాలి, వచ్చిన ప్రతిసారీ తనను ఇలా నిటారుగా నిలబడి ఉండగా చూడాలి. అంతవరకు మాత్రం ఆవిడ మనసారా కోరుకుంది.