రానివాని ఇల్లు

తిమ్మప్ప వంగి వీపు ఇచ్చాడు. పత్తి మూట పడగానే ఒక అడుగు తూలి నిలదొక్కుకున్నాడు. నలభై ఏండ్లకే తల నెరిసినట్టు కనబడతాడు. దూది దులిపితే గాని అసలు నలుపు తెలియదు. ఆదోనిలోని ఆ జిన్నింగు మిల్లులో అతణ్ణి పేరు పెట్టి పిలిచేవారు తక్కువ.

మధ్యాహ్నం గంజి తాగడానికి బయటికి వస్తే, సారా అంగడిలోకి దూరుతున్న లక్ష్మన్న కనబడ్డాడు. గిన్నె అక్కడే పెట్టి తిమ్మప్ప వెనకాలే పోయాడు. డెబ్బై తొమ్మిదో సంవత్సరంలో సారా మానాక, ఈ నాలుగేండ్లలో ఆ గడప తొక్కడం ఇదే మొదలు.

“ఒక్కటేనన్నా. సూడనట్ల పో.”

“సూసినా గదప్పా. లెయ్. నీ పెండ్లాం నోటికి ఈ సారా మందనుకుంటివా?”

లక్ష్మన్న నవ్వబోయి ఏడ్చాడు. అతణ్ణి రెక్క పట్టి లాగుతుంటే తిమ్మప్ప ఎడమ రొమ్ములో ఏదో పట్టేసింది.

“శేషప్పకు సెప్పొద్దన్నా.”

“సెప్పను పో.”

సారా మానినవాళ్లు నలుగురు: తిమ్మప్ప, లక్ష్మన్న, యేసేపు, శేషప్ప. రోజూ దీపాలు పెట్టే వేళకు టైలరు శేషప్ప అరుగు మీద కూడతారు. ఒట్లు లేవు. ఉరుకుంద ఈరన్న దేవుని మీద పెట్టినవీ, యేసేపు చర్చిలో పెట్టినవీ ఎప్పుడో తప్పిపోయాయి. కట్టుబాటు ఒక్కటే: రానివాని ఇంటికి మిగిలినవాళ్లు ఆ పూటే పోవాలి, పోయి కూర్చోవాలి. ఇన్నేండ్లూ అందరి ఇండ్లకూ ముందు నడిచింది తిమ్మప్పే.

ఆ సాయంత్రం రొమ్ము నొప్పితో అరుగుదాకా నడవలేకపోయాడు. ఒంటిమనిషి. పక్కింటి హులిగెమ్మ చూసి, “మొగమేందన్నా అట్లుంది? డాక్టరు కాడికి పోదామా?” అంది.

“మావోళ్లు వస్తార్లేమ్మా. వాళ్లతో పోతా.”

తాగుడు మానిన మొదటి ఏడు ఎమ్మిగనూరులో కొన్న జంఖానా పెట్టెలోంచి తీసి పరిచాడు. తలుపు తీసిపెట్టి, గోడకు ఆనుకున్నాడు.

అరుగు మీద యేసేపు అన్నాడు: “మద్యాన్నం సారా అంగట్లోకి పోతాండె తిమ్మప్ప. నా కండ్లారా సూసినా.”

“మనకు బుద్ధులు సెప్పేటోడు!” శేషప్ప మిషను ఆపాడు. “పోదామా మరి?”

“తాగినోని కాడ ఏం కూసుంటాం? పొద్దున పోదాంలే. ఏం లక్ష్మన్నా?” అన్నాడు యేసేపు.

లక్ష్మన్న అరుగు కింది చెప్పుల వైపు చూశాడు. “మీ ఇష్టం,” అన్నాడు.

తెల్లవారి ముగ్గురూ పోయేసరికి తలుపు తీసే ఉంది. తిమ్మప్ప గోడకు ఆనుకునే ఉన్నాడు, మొగం గుమ్మం వైపు. ఒళ్లు చల్లబడిపోయింది. యేసేపు వంగి నోటి దగ్గర వాసన చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

“వాసన లేదు,” అన్నాడు.

లక్ష్మన్న గుమ్మం దాటి లోపలికి రాలేదు.

నలుగురికి సరిపడా పరిచిన జంఖానా మీద పెట్టెలోని మడతల గీతలు ఇంకా చెరగలేదు.